పాంగాంగ్ పాఠాలు – 4: రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు?

పోయిన పాఠం చివర లడఖ్‌లోని పాంగాంగ్ సరస్సు ప్రయాణానికి ఎవరి ప్లాన్ వాళ్లు కాగితం మీద వేసి పంపమన్నాను. పంపారు. ఈ వారం బట్టలు, బూట్ల సంగతి చెప్పాల్సింది. ఆ కాగితాలు చూశాక దాన్ని వాయిదా వేశాను. స్వెటరు మరిచిపోతే విమానం దిగే లేహ్ బజారులో కొనుక్కోవచ్చు. లేహ్‌లో పడుకోవాల్సిన రాత్రులు తగ్గిస్తే వాటిని ఎక్కడా కొనలేరు.

తప్పు కొంత నాదే. మూడో పాఠంలో "లేహ్‌లో రెండు రోజులు విశ్రాంతి" అని ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్లిపోయాను. దాన్ని తలా ఒక రకంగా లెక్క కట్టారు. గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక మాస్టారి ప్లాన్ చూడండి. సోమవారం సాయంత్రం గన్నవరంలో విమానం ఎక్కి రాత్రికి ఢిల్లీ. ఎలాగూ ఖాళీయే కదా అని దానికి "విశ్రాంతి – 1" అని పేరు పెట్టారు. మంగళవారం పొద్దున లేహ్, అది "విశ్రాంతి – 2". దాని కిందే చిన్న అక్షరాలతో ఆ రోజు చూసే చోట్లు షే, థిక్సే, శాంతి స్తూపం. బుధవారం తెల్లవారుజామున పాంగాంగ్. మాస్టారూ, మీరు లేహ్‌లో పడుకున్నది ఒకే ఒక్క రాత్రి. ఢిల్లీ 215 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ వారం రోజులు పడుకున్నా మీ ఒంటికి హిమాలయాల గురించి ఏమీ తెలియదు.

సత్యనారాయణపురం అబ్బాయి ఇంకా గట్టివాడు. పొద్దున ఏడింటికి లేహ్‌లో దిగి, అదే టాక్సీలో నేరుగా సరస్సుకు. "రోజు కలిసొస్తుంది సార్" అని పక్కన రాశాడు. జిమ్‌కు వెళ్తాడట. ఎత్తైన చోట ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బుకు జిమ్‌తో పనిలేదు. బాగా ఒళ్లు వంచగలిగినవాళ్లు ఇంకా వేగంగా ఎక్కి ఇంకా తొందరగా పడిపోవడం మామూలే.

కాబట్టి ఇవాళ ఒక్కటే పాఠం. పగలు ఎంత ఎత్తుకు వెళ్లామన్నది కాదు, రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్నదే లెక్క.

కారణం చెబుతాను. పైకి వెళ్లినా గాలిలో ఆక్సిజన్ వంతు మారదు, అక్కడా సుమారు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. మన విజయవాడ సముద్రమట్టానికి ముప్పై మీటర్ల లోపే. లేహ్ 3,500 మీటర్లు. అక్కడ ఒత్తిడి ఇక్కడున్నదాంట్లో మూడింట రెండు వంతులు. పాంగాంగ్ ఒడ్డున స్పాంగ్‌మిక్ దాదాపు 4,250 మీటర్లు, అక్కడ అరవై శాతానికి పడిపోతుంది. ఒళ్లు దీనికి అలవాటు పడుతుంది కానీ గంటల్లో కాదు, రోజుల్లో. పగలు గబగబా ఊపిరి తీసి సర్దుకుంటాం. నిద్రలో ఊపిరి నెమ్మదిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. అందుకే డాక్టర్లు పడుకునే ఎత్తును పట్టుకున్నారు. 3,000 మీటర్లు దాటాక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒకేచోట అదనంగా ఇంకో రాత్రి ఉండాలి అంటారు.

విమానంలో లేహ్ వెళ్లినవాళ్లం ఆ సూత్రాన్ని మొదటిరోజే మీరుతున్నాం. ఢిల్లీ నుంచి గంటా పావులో 3,300 మీటర్లు ఎక్కేశాం. అది అప్పు. రెండు రాత్రులతో కనీస వడ్డీ తీరుతుంది. నేనైతే మూడు రాత్రులు ఉంటాను. మొదటిరోజు మంచం దిగను. షే లేదు, థిక్సే లేదు. కిటికీలోంచి స్టోక్ కాంగ్రీ శిఖరం కనిపిస్తుంది, అది చూస్తూ పడుకోండి.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే సంగతి. వచ్చిన ప్లాన్లలో చాలామంది లేహ్ నుంచి నుబ్రా లోయకు వెళ్లే దారిలోని ఖర్దుంగ్ లా కనుమ అంటే హడలిపోయారు. "5,359 మీటర్లు అంటున్నారు, పిల్లలున్నారు, నుబ్రా తీసేశాం" అని రాశారు. (అక్కడి పాత బోర్డు మీద 18,380 అడుగులని ఉండేది. కొలిస్తే 17,582 అడుగులు. బోర్డు పక్కన ఫోటో దిగండి, నమ్మకండి.) ఆ కనుమ మీద మీరు ఉండేది పదిహేను నిమిషాలు. టీ తాగి, ఫోటో దిగి, అవతలికి దిగుతారు. ఆ రాత్రి పడుకునేది నుబ్రాలోని హుండర్‌లో. అది 3,100 మీటర్ల చిల్లర, అంటే లేహ్ కన్నా తక్కువ. అలాంటి నుబ్రాను తీసేసి, ఆ మిగిలిన రోజును పాంగాంగ్ ఒడ్డున రెండో రాత్రికి కలిపారు. ప్రమాదం లేనిదాన్ని కొట్టేసి, ఉన్నదాన్ని రెట్టింపు చేశారన్నమాట. అమ్మవారి కొండ మెట్లెక్కడానికి భయపడి కృష్ణలో లోతు చూడకుండా దూకినట్టుంది.

ఇంకో ఉదాహరణ. మోటారు సైకిళ్ల మీద మనాలి నుంచి వెళ్లేవాళ్లు నలుగురు రాశారు. మనాలి 2,050 మీటర్లు. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహ్తాంగ్ కనుమ ఎక్కాల్సిన పని తప్పింది, దారి తొందరగా తరుగుతోంది. అందుకని మొదటిరోజే సర్చూ చేరి గుడారంలో పడుకుంటామంటారు. సర్చూ 4,290 మీటర్లు. ఒక్క రాత్రికి 2,240 పెరిగింది. కేలాంగ్‌లోనో జిస్పాలోనో ఆగండి. శ్రీనగర్ దారి దీనికన్నా మర్యాదస్తురాలు. శ్రీనగర్ 1,585, కార్గిల్ 2,676, తర్వాత లేహ్. మధ్యలో జోజిలా కనుమ 3,528 ఎక్కి దిగుతారు, ఎవరికీ ఏమీ కాదు, ఎందుకంటే అక్కడ ఎవరూ పడుకోరు.

సరే, పాంగాంగ్ సంగతికి వద్దాం. లేహ్ 3,500 నుంచి స్పాంగ్‌మిక్ 4,250 అంటే 750 పెరుగుదల. లేహ్‌లో మూడు రాత్రులు గడిపినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. అయినా నా పద్ధతి వేరు. దారిలో టాంగ్‌సే అని ఊరుంది, దాదాపు 3,900 మీటర్లు. పర్యాటకులు అక్కడ మ్యాగీ తిని వెళ్లిపోతారు. నేను ఒక రాత్రి ఉంటాను. చూడ్డానికి ఏముందని అడగకండి. మూడు రాత్రులు లేహ్, ఒకటి హుండర్, ఒకటి టాంగ్‌సే, ఒకటి స్పాంగ్‌మిక్, మళ్లీ లేహ్ ఒకటి. ఏడు రాత్రులు. హుండర్‌లో కిందికి దిగినా లేహ్‌లో అలవాటైనది అంతలోనే పోదు, కాబట్టి 3,500 నుంచే లెక్క పట్టండి.

ఈ టాంగ్‌సే పిచ్చి నాకెలా పట్టిందో చెప్పాలి. 2019 జూన్‌లో మా బావమరిదిని తీసుకెళ్లాను. లేహ్‌లో ఒక్క రాత్రి ఉన్నాం, అప్పటికి నేనూ మాస్టారి లాగే లెక్కలు కట్టేవాణ్ణి. సాయంత్రం స్పాంగ్‌మిక్‌లో గుడారం ముందు కూర్చున్నాం. నీళ్లు నీలం నుంచి బూడిద రంగులోకి తిరుగుతున్నాయి. వాడు తల పట్టుకున్నాడు. ఏమిటంటే "ఏం లేదు బావా, పొద్దున్నుంచి కాఫీ పడలేదు కదా" అన్నాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచాడు. "గ్యాస్" అన్నాడు. ఇంటినుంచి తెచ్చిన గోంగూర పచ్చడి ప్యాకెట్ పక్కనే ఉంది, పైన గాలి పలచన కదా, బుడగలా ఉబ్బిపోయి. అది విప్పబోతే వాసన పడక ముఖం తిప్పుకున్నాడు. గోంగూర వద్దన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది. రాత్రి రెండింటికి వాంతులు మొదలయ్యాయి.

డ్రైవర్ను లేపి, లేహ్‌కు పోనిమ్మన్నాను. అతను బండి స్టార్ట్ చేసి, "లేహ్ కాదు, టాంగ్‌సే" అన్నాడు. నేను అరిచాను. అతను తొణక్కుండా చెప్పిన మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. లేహ్‌కు దిగాలంటే ముందు చాంగ్ లా కనుమ ఎక్కాలి. అది 5,360 మీటర్లు. జబ్బు మనిషిని ఇంకో 1,100 మీటర్లు పైకి తీసుకెళ్లి అప్పుడు దించాలి. పాంగాంగ్ ఎత్తులోనే ఉన్నా ఒక గిన్నెలో ఉంది, గిన్నె అంచు మీదుగా తప్ప లేహ్ వైపు దిగలేరు. నలభై కిలోమీటర్ల దూరంలో టాంగ్‌సే మాత్రం మూడొందల యాభై మీటర్లు కిందికే. అక్కడి ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్ పెట్టారు. తెల్లారేసరికి వాడు టీ అడిగాడు.

కాబట్టి మ్యాపులో రోడ్డు ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ రోడ్డు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతోందో చూడాలి. పాంగాంగ్ నుంచి పెద్ద కనుమ దాటకుండా బాగా కిందికి దిగే దారి ఒకటుంది. దుర్బుక్ నుంచి శ్యోక్ నది వెంట అఘమ్, ఖల్సర్ మీదుగా నుబ్రాకు. మధ్యాహ్నం దాటితే మంచు కరిగి వాగులు రోడ్డు మీదికొస్తాయి, కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి. నుబ్రా నుంచి సరస్సుకు వెళ్లేదీ ఈ దారే.

ఇక "గ్యాస్" గురించి. మనవాళ్లకు 4,000 మీటర్ల ఎత్తులో వచ్చే ప్రతి బాధా గ్యాసే. దీనికి విరుగుడుగా ఒక కొలత నేర్చుకోండి. కెనడాలో లేక్ లూయిస్ అని కొండల నడుమ సరస్సు ఉంది. అక్కడ జరిగిన వైద్యుల సమావేశంలో 1991లో కుదిరిన స్కోరు ఇది, 2018లో సవరించారు. తలనొప్పి, కడుపులో వికారం లేదా వాంతి, నీరసం, కళ్లు తిరగడం, ఈ నాలుగింటికీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేయాలి. ఎత్తుకు చేరిన ఆరు గంటల తర్వాతే వేయాలి, అంతకుముందు ప్రయాణం అలసట కూడా కలుస్తుంది. తలనొప్పి ఉండి మొత్తం మూడు దాటితే, మూడు వచ్చినా సరే, అది ఎత్తు జబ్బే అనుకుని పైకి వెళ్లడం ఆపండి. తాగినవాడిలా అడుగులు తడబడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా మార్కులు వేస్తూ కూర్చోవద్దు, అప్పటికప్పుడు కిందికి దించాలి. మా వాడికి ఆ సాయంత్రమే ఆరు వచ్చేవి. కాఫీ అలవాటున్నవాళ్లు మానకండి, పొడి వెంట తీసుకెళ్లండి, లేకపోతే ఏ తలనొప్పి దేనిదో తేలదు.

కర్పూరం. దాదాపు ప్రతి ప్లాన్‌లోనూ సామాన్ల జాబితాలో ముద్ద కర్పూరం ఉంది. ముక్కు చల్లగా అనిపిస్తుంది, గాలి ఎక్కువొస్తున్నట్టు భ్రమ కలుగుతుంది. ఆక్సిజన్ ఒక్క చుక్క పెరగదు. హారతికి ఉంచుకోండి. కరోనా నాడు కొన్న ఆక్సీమీటరు తీసుకెళ్తామన్నవాళ్లకు ఒక మాట. లేహ్‌లో మొదటిరోజు అది 80ల్లో చూపించడం మామూలే. విజయవాడ లెక్కతో 94 రాలేదని అంబులెన్సు పిలవకండి. చలికి వేళ్లు గడ్డకడితే ఇంకా తక్కువ చూపిస్తుంది. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి, సల్ఫా మందులు పడనివాళ్లు మరీను. అది వేసుకుంటే వేళ్లలో తిమ్మిరి, మాటిమాటికీ బాత్రూమ్, సోడా చప్పగా ఉండటం ఉంటాయి. రాత్రులకు అది బదులు కాదు.

అరవై దాటినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు సరేనంటే, లేహ్‌లో నాలుగు రాత్రులు అయ్యాక సరస్సును ఒక్క పగలులో చూసొచ్చెయ్యండి. రానూపోనూ 320 కిలోమీటర్లు, నడుం విరుగుతుంది, సాయంత్రం రంగులు దక్కవు. పడుకునేది మాత్రం 3,500లో.

మిగతావి గబగబా. మన ఊళ్లో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉన్న మనిషి ఒక్కరైనా ఉండాలి. స్పాంగ్‌మిక్‌లో నీళ్లు 86 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేని చోట పప్పన్నం అడగకండి. తిరుగు విమానానికి ముందు రాత్రి లేహ్‌లోనే ఉండాలి. లేహ్ విమానం వాతావరణం బాగోలేక రద్దయితే ఢిల్లీ నుంచి గన్నవరం టికెట్ పోతుంది కాబట్టి మధ్యలో ఒక రోజు ఖాళీ పెట్టండి.

అభ్యాసం. మీ ప్లాన్‌లో ప్రతి రాత్రికీ ఊరు, ఎత్తు, ముందు రాత్రికన్నా ఎంత పెరిగింది రాయండి. పక్కనే ఇంకో గడి గీయండి, ఆ రాత్రి రెండింటికి ఒకరికి బాగోలేకపోతే ఏ ఊరికి దింపుతారు, దారిలో ఎంత ఎత్తు ఎక్కాల్సి వస్తుంది. అదే ప్లాన్‌ను లేహ్ విమానం ఒక రోజు ఆలస్యమైందనుకుని మళ్లీ వేయండి. ఏ రాత్రి కొట్టేశారో ఎరుపు పెన్నుతో గుర్తుపెట్టండి. లేహ్ రాత్రి కొట్టేసినవాళ్లు పాఠం మొదటినుంచి చదవాలి. తర్వాత ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి స్కోరు అడగడం ప్రాక్టీసు చేయండి. ఎవరు "నాకేం లేదు" అంటూ తప్పించుకుంటారో ఇప్పుడే తెలుస్తుంది. ఆ మనిషి పక్కన ఎవరు పడుకోవాలో కూడా కాగితం మీద రాసి పంపండి.