ఆబ్జెక్ట్‌లతో ప్రోగ్రామింగ్ – 7వ పాఠం: ఖాళీ మెథడ్ తెచ్చే చిక్కు

పోయిన పాఠంలో ‘సందేశం’ అనే క్లాస్ రాసి, దాని నుంచి ‘మెయిల్’, ‘ఎస్సెమ్మెస్’ అనే రెండు పిల్ల క్లాస్‌లు పుట్టించాం. అభ్యాసం చేసినవారికి ఒకచోట చెయ్యి ఆగి ఉండాలి. తల్లి క్లాస్‌లోని ‘పంపు’ మెథడ్‌లో ఏం రాయాలి? మెయిలో ఎస్సెమ్మెస్సో తెలియకుండా సందేశాన్ని పంపేదెలా? ఏమీ తోచక ఖాళీ బ్రాకెట్లు పెట్టి ముందుకు వెళ్లి ఉంటారు.

మొదట్లో నేనూ అదే చేశాను. కొన్నాళ్లకు మూడో పిల్ల క్లాస్ రాస్తూ ‘పంపు’ అనడానికి బదులు ‘పంపించు’ అని పేరు పెట్టాను. కంపైలర్ కిక్కురుమనలేదు. ప్రోగ్రామ్ నడిచింది, ఒక్క సందేశమూ వెళ్లలేదు. నడిచింది తల్లి క్లాస్‌లోని ఖాళీ మెథడ్ మరి! అది కనిపెట్టేసరికి పూట గడిచింది. ఎర్రర్ ఇచ్చే తప్పు కంటే నోరు మెదపని తప్పు ఎక్కువ ఏడిపిస్తుంది.

మందు సులువే. ‘పంపు’కు ఒళ్లు, అంటే బ్రాకెట్లూ వాటి మధ్య కోడూ, తీసేసి, దాన్నీ ‘సందేశం’ క్లాస్‌నూ అబ్‌స్ట్రాక్ట్ అని ప్రకటించండి. ఇక ఉత్త ‘సందేశం’ ఆబ్జెక్ట్‌ను ఎవరూ తయారుచేయలేరు. మామూలు పిల్ల క్లాస్ ‘పంపు’ను రాసి తీరాలి. నా ‘పంపించు’ను జావా అయితే కంపైల్ చేసేటప్పుడే పట్టేసేది. పైథాన్‌లో ఏబీసీ (అబ్‌స్ట్రాక్ట్ బేస్ క్లాస్) మాడ్యూల్ ఇదే పని చేస్తుంది, కాకపోతే ఆబ్జెక్ట్ తయారుచేయబోయినప్పుడు టైప్‌ఎర్రర్ వస్తుంది.

ఇప్పుడు పాలీమార్ఫిజం. పేరు చూసి జడుసుకోకండి, తెలుగులో రోజూ వాడుతున్నదే. నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది. క్రియ ఒక్కటే, ఏది పట్టిందో దాన్నిబట్టి అర్థం మారుతుంది. అలాగే ‘సందేశం’ రకం వస్తువుల జాబితా మీద లూప్ తిప్పుతూ ప్రతిదాన్నీ ‘పంపు’ అంటాం. ఏ ‘పంపు’ నడవాలో చేతిలో ఉన్న ఆబ్జెక్ట్ తేలుస్తుంది. ‘మెయిల్ అయితే ఇది, ఎస్సెమ్మెస్ అయితే అది’ అనే ఇఫ్‌ల నిచ్చెన అక్కర్లేదు. రేపు నాలుగో రకం వచ్చినా లూప్‌ను ముట్టుకోం.

ఎలా తేలుస్తుంది? సీ ప్లస్ ప్లస్ కంపైలర్లు సాధారణంగా ఇలాంటి ప్రతి క్లాస్‌కూ ఒక పట్టిక కడతాయి. ఏ మెథడ్ కోడ్ మెమరీలో ఎక్కడుందో అందులో ఉంటుంది. ఆబ్జెక్ట్‌లో ఆ పట్టికను చూపే పాయింటర్ దాగి ఉంటుంది. 64 బిట్ల యంత్రంలో దానికి 8 బైట్లు. పిలుపు వచ్చినప్పుడు పట్టిక చూసి అక్కడికి దూకడమే. ఆ భాషలో ఇలాంటి మెథడ్‌లను వర్చువల్ అంటారు. ఆ మాట నార్వేలో పుట్టిన సిములా 67 భాష నుంచి వచ్చింది.

అసలు రుచి ఇక్కడుంది: అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌లో అన్నీ ఒళ్లు లేని మెథడ్‌లే ఉండనక్కర్లేదు. ‘సందేశం’లోనే ‘మూడుసార్లు ప్రయత్నించు’ అనే మామూలు మెథడ్ రాయండి. అది ‘పంపు’ను పిలుస్తుంది, విఫలమైతే కాసేపు ఆగి మళ్లీ పిలుస్తుంది, మూడోసారీ కాకపోతే లాగ్‌లో రాసి ఊరుకుంటుంది. రాసేనాటికి ఒక్క ‘పంపు’ కూడా పుట్టకపోయినా ఫర్వాలేదు. ఓపిక పట్టడం తల్లి వంతు, పంపడం పిల్లల వంతు. ఎన్నిసార్లు ప్రయత్నించాలో రేపు మార్చాలంటే ఒక్కచోట మారిస్తే చాలు.

ఈ వారం అభ్యాసం జావాలో చేయండి. ‘సందేశం’ కన్‌స్ట్రక్టర్‌లోనే (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్‌లోనే) ‘పంపు’ను పిలవండి. ‘మెయిల్’ క్లాస్‌లో ‘చిరునామా’ అనే ఫీల్డ్‌కు ప్రకటించిన చోటే ఏదో ఒక విలువ ఇచ్చి, దాని ‘పంపు’లో ఆ చిరునామాను ప్రింట్ చేయించండి. ఫీల్డ్‌ను ఫైనల్ (తర్వాత విలువ మార్చలేనిది) చేయకండి. తెర మీద ఏం వస్తుందో నడిపే ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. మీరిచ్చిన విలువ మాత్రం రాదు. ఎందుకు రాదో వచ్చే పాఠంలో, ఇంటర్‌ఫేస్‌లకు వెళ్లే ముందు చూద్దాం.