బ్లెచ్లీ పార్క్‌లో ఇద్దరమ్మాయిల ప్రేమకథ రాయాలంటే

రెండో ప్రపంచయుద్ధంలో శత్రువుల రహస్య సందేశాలు విప్పిన బ్రిటిష్ కేంద్రం బ్లెచ్లీ పార్క్. నా కథ అక్కడిదే. మొదటి డ్రాఫ్ట్‌లో పోలీసు వచ్చి తలుపు కొట్టాడు. తర్వాత ఆ పేజీలు చింపేశాను. అప్పటి బ్రిటన్‌లో మగవాళ్ల మధ్య అలాంటి సంబంధం నేరం, ఆడవాళ్ల మధ్య కాదు. 1921లో దాన్నీ నేరం చేద్దామని కామన్స్ సభ ఒప్పుకుంటే లార్డ్స్ సభ కొట్టేసింది. దయతో కాదు లెండి. చట్టంలో రాస్తే ఇలాంటిదొకటి ఉందని ఆడవాళ్లకు తెలిసిపోతుందట! కాబట్టి జైలు వద్దు. అద్దెగది ఇంటావిడ చూపు, అమ్మ రాసిన పెళ్లిసంబంధం ఉత్తరం, ఒక్క బదిలీ ఆర్డరు చాలు.

ముందు వాళ్ల పని తేల్చుకోండి. ‘కోడ్ బ్రేకర్లు’ అని రాసి వదిలేస్తే కథ నిలబడదు. నేను ఒకమ్మాయిని నౌకాదళ మహిళా విభాగంలో పెట్టాను. వాళ్లను రెన్స్ అనేవారు. ఆమె పని ‘బాంబ్’ దగ్గర. పేలేది కాదు, జర్మన్లు సందేశాలను రహస్య లిపిలోకి మార్చడానికి వాడిన ఎనిగ్మా మెషీన్ సెట్టింగులు వెతికే యంత్రం పేరే అది. దానికి డ్రమ్ములు మార్చాలి, వాటిలోని సన్నని తీగలు ఒకదానికొకటి తగలకుండా ట్వీజర్స్‌తో సరిచేయాలి. నూనె, హోరు. రెండో అమ్మాయి హట్ 6లో, అంటే ఇంకో షెడ్డులో.

షిఫ్టులు మూడు: ఉదయం 8 నుంచి 4, 4 నుంచి అర్ధరాత్రి, అక్కణ్ణుంచి మళ్లీ ఉదయం 8. ఇద్దరికీ రెండు వారాల చార్ట్ గీయండి. కలిసే గంటలెన్నో తేలిపోతాయి. నా కథలో సగం ఆ చార్టే రాసిపెట్టింది.

ఇక అసలు చిక్కు. అక్కడ చేరినవాళ్లంతా రహస్యం దాస్తామని సంతకం పెట్టినవాళ్లే. పక్క హట్‌లో ఏం జరుగుతోందో అడగకూడదు. క్యాంటీన్‌లో మొదటిసారి పక్కపక్కన కూర్చున్నప్పుడు హట్ 6 అమ్మాయి ఆ రెన్ వేళ్ల మీద నూనె మరకలు చూస్తుంది. ఎందుకని అడగలేదు. రుమాలు మాత్రం ఇస్తుంది. ఈ సీన్‌ని ఏడుసార్లు తిరగరాశాను. ప్రతిసారీ డైలాగే తగ్గింది.

చేతులు పట్టుకోవడానికి వెన్నెల, పూలతోట వెతక్కండి. బ్లాకౌట్ ఉందిగా, బాంబు దాడుల భయంతో రాత్రిళ్లు వెలుగు బయటికి రానివ్వని చీకటి.

ముగింపు 1945లో పెట్టకండి. ఆ రహస్యం 1970ల మధ్య వరకూ బయటికి రాలేదు. అప్పటిదాకా కలిసి బతికినా ‘మీకెక్కడ పరిచయం?’ అని ఎవరడిగినా ‘ఏదో ఆఫీసులో’ అనాల్సిందే. నా కథలో వాళ్లకు అరవై దగ్గరపడ్డాక ఒకామె పేపరు మడిచి పక్కన పెట్టి అడుగుతుంది: “ఇంతకీ ఆ నూనె ఏంటే?”