విదేశంలో కొత్త కాపురం: బెదురు పోవాలంటే ఏం చేయాలి?

విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరకి బేరమాడి, కాళేశ్వరరావు మార్కెట్లో కూరలు కొని, రెండు సంచులతో ఆటో ఎక్కి ఇంటికొచ్చే అమ్మాయి, డాలస్‌లో దిగాక పాల డబ్బా కోసం భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎదురుచూస్తుంది. పిల్లకి ధైర్యం తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఆమె కూడా అదే అనుకుంటుంది. ఇక్కడైతే ఆమెకు దారి తెలుసు, ధర తెలుసు, ఎదుటివాడు ఏమంటాడో ముందే తెలుసు. అక్కడ ఆ మూడూ తెలియవు, అంతే. కాబట్టి "ధైర్యంగా ఉండమ్మా" అని చెప్పి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఏ పని ముందు చేసుకోవాలో చెబితే ఉపయోగం. మన విజయవాడ, గుంటూరు ఆడపిల్లలు ఎక్కువగా వెళ్లేది అమెరికాకే కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఎక్కువ ఇస్తున్నాను.

1. విమానం ఎక్కకముందే కాగితాలు చూసుకోండి

ఆవకాయ ఎన్ని కిలోలు, కారం ఎన్ని కిలోలు అనే చర్చ వారం రోజులు నడుస్తుంది. కాగితాల సంగతి చివరి రాత్రి గుర్తొస్తుంది. డిగ్రీ, మార్కుల లిస్టులు, పెళ్లి సర్టిఫికెట్, టీకాల రికార్డు, పాత ఉద్యోగం తాలూకు అనుభవ పత్రాలు చేతి బ్యాగులోనే పెట్టుకోండి. అన్నిటినీ స్కాన్ చేసి మీ సొంత ఈమెయిల్లో దాచుకోండి. పాస్‌వర్డు మీకు మాత్రమే తెలియాలి. నాగార్జున యూనివర్సిటీలో చదివినా, మరెక్కడ చదివినా ట్రాన్స్‌క్రిప్టులు ఇక్కడున్నప్పుడే తీసుకోండి. లేకపోతే మీ తరఫున నాన్నగారు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందేమో చూడండి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక అక్షరంగానో, పేరుకి ముందో ఉంటుంది కాబట్టి ఈ గొడవ తెలుగువాళ్లకి మామూలే. ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద మీ పేరు ఇంటిపేరు చోటుకి పోయి, అసలు పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఆ తర్వాత బ్యాంకులో, లైసెన్సు ఆఫీసులో ప్రతిచోటా వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది. వెళ్లకముందే సరిచేయించుకోవడం తేలిక.

2. మొదటి రోజుల్లో మీ పేరు మీద ఏదో ఒకటి ఉండాలి

సొంత ఫోన్ నంబరు. బ్యాంకు ఖాతాలో మీ పేరు, మీ కార్డు. ఇంటి అద్దె కాగితంలో మీ పేరు. భర్త ఎంత మంచివాడైనా ఇవి కావాలి. రేపు లైసెన్సుకో, లైబ్రరీ కార్డుకో వెళ్తే ఈ చిరునామాలో ఉంటున్నారని చూపించే కాగితం అడుగుతారు. ఇంటి అద్దె ఎంత, కరెంటు బిల్లు ఎప్పుడు కట్టాలి, టాక్స్ రిటర్న్‌లో ఏం రాశారు అన్నవి కూడా కూర్చుని తెలుసుకోండి. ఇక్కడ మీ సేవింగ్స్ ఖాతా ఉంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా మార్పించాలి.

ఎమర్జెన్సీ నంబరు ఇంట్లో అందరికీ నోటికి రావాలి. అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, యూరప్ దేశాల్లో 112, ఆస్ట్రేలియాలో 000. ఫోన్ చేస్తే ముందు చిరునామా చెప్పాలి. అపార్ట్‌మెంట్ నంబరుతో సహా మీ చిరునామా గడగడా చెప్పగలిగేదాకా పైకి చదువుకోండి.

3. కారు నేర్చుకోండి, అదీ వేరేవాళ్ల దగ్గర

నన్నడిగితే అమెరికాలో మిగతా సలహాలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. చాలా ఊళ్లలో కారు లేకపోతే కూరగాయల కొట్టుకి కూడా వెళ్లలేరు. లండన్, సింగపూర్‌లలో రైళ్లు, బస్సులు ఉంటాయి కాబట్టి అక్కడ ఇంత తొందర లేదు. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఉన్నవాళ్లు కూడా లైసెన్సు తీసుకోవచ్చు. ఇక్కడ కారు లైసెన్సు ఉంటే ఆర్టీఓ ఆఫీసు నుంచి ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకెళ్లండి, ఏడాది చెల్లుతుంది. స్కూటీ మాత్రమే వచ్చినవాళ్లు స్టీరింగ్, బ్రేకు అలవాటయ్యేదాకా ఇక్కడే నేర్చుకుని వెళ్లినా మంచిదే. కాకపోతే అక్కడ నడిపేది రోడ్డుకి కుడి పక్క.

భర్త దగ్గర నేర్చుకోకండి. పక్క సీట్లో కూర్చుని అరిచే మనిషి దగ్గర ఎవరికీ డ్రైవింగ్ రాదు, పైగా ఆ గొడవ వంటింటి దాకా వస్తుంది. డబ్బు ఇచ్చి డ్రైవింగ్ స్కూల్లో నాలుగు క్లాసులు తీసుకోండి. మనవాళ్లు టెస్ట్‌లో తప్పేది ఎక్కువగా చిన్న విషయాల్లోనే. స్టాప్ బోర్డు దగ్గర బండి పూర్తిగా ఆపకుండా మెల్లగా దాటించేయడం, లేన్ మారేటప్పుడు తల తిప్పి పక్కకి చూడకపోవడం. పిల్లల్ని దించే స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగిస్తే దాటకుండా ఆగాలి. బెంజి సర్కిల్లో కొట్టినట్టు హారన్ కొట్టకూడదు. ఒకసారి ఫెయిలైతే ఏమీ కాదు, మళ్లీ రాయొచ్చు.

4. ఇంగ్లీషు వచ్చు, నోరు రాదు

ఇంజినీరింగ్ చదివి కూడా ఫోన్ ఎత్తడానికి భయపడేవాళ్లు చాలామంది. గ్రామర్ కంటే అలవాటు లేని యాసే ఇబ్బంది. "సారీ, కుడ్ యూ సే దట్ ఎగైన్?" అని సిగ్గుపడకుండా అడగడం నేర్చుకోండి. మీ పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు "వి యాజ్ ఇన్ విక్టర్" అన్న పద్ధతిలో చెప్పడం ముందే ప్రాక్టీస్ చేసుకోండి. డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసే ముందు చెప్పాల్సిన నాలుగు మాటలు కాగితం మీద రాసుకుని చేయండి.

పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి. ఆ ఊళ్లో ఉండేవాళ్లకి కార్డు ఉచితం. చాలా లైబ్రరీల్లో ఇంగ్లీషు మాట్లాడే గ్రూపులు, పిల్లలకి కథలు చెప్పే గంటలు ఉంటాయి. తానా లాంటి సంఘాల్లో మనవాళ్లు దొరుకుతారు, పండగలకి, అవసరాలకి వాళ్లే ఆదుకుంటారు. అయితే స్నేహితులందరూ కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లే అయితే ఇల్లు దాటినట్టే ఉండదు. తెలుగు రానివాళ్లు ఒకరైనా ఉండాలి.

5. ఉద్యోగం విషయంలో రూల్ చూసుకున్నాకే అడుగు వేయండి

హెచ్-4 మీద మామూలుగా పని చేయకూడదు, చదువుకోవచ్చు. భర్తకి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం వచ్చాక వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకునే వీలు 2015 నుంచి ఉంది. పర్మిట్ లేకుండా ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మడం, డబ్బు తీసుకుని ట్యూషన్లు చెప్పడం కూడా ఇబ్బందే. ఈలోగా మీ డిగ్రీని అక్కడి లెక్కలో ఎవాల్యుయేషన్ చేయించుకోండి.

6. ఇంట్లోనే భయం ఉంటే

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. ఎవరు అడిగినా "నేనే దాచుకుంటాను" అనండి. కొట్టడం, డబ్బు ఇవ్వకపోవడం, ఎవరితోనూ మాట్లాడనివ్వకపోవడం లాంటివి ఉంటే 1-800-799-7233కి ఫోన్ చేయొచ్చు. అది అమెరికాలో గృహహింసకి సంబంధించిన హెల్ప్‌లైన్, దుబాసీని కూడా ఇస్తారు. వీసా భర్త మీద ఆధారపడి ఉందని నోరు మూసుకోనక్కర్లేదు. హింసకి గురైన హెచ్-4 భార్యలకి వర్క్ పర్మిట్ ఇచ్చే ఏర్పాటు అక్కడ 2017 నుంచి ఉంది. ఏ దేశంలో ఉన్నా మన విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. తాడేపల్లిలోని ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీఎస్‌కి ఇక్కడి నుంచి మీ అమ్మానాన్నలు కూడా వెళ్లి చెప్పొచ్చు. అమ్మ బెంగపెట్టుకుంటుందని దాచకండి. ఆమెకి చెప్పలేకపోతే పిన్నికో అక్కకో చెప్పండి. ఆ నంబర్లు ఫోన్లోనే కాకుండా పర్సులో ఒక చీటీ మీద కూడా రాసి పెట్టుకోండి.