కలర్ ప్రింటులో మచ్చలా? టోనర్ కొనకండి, ముందు స్కేలు తీయండి

"అన్నా, కొత్త టోనర్ వేసినా మచ్చ పోతలేదు." నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల జిరాక్స్ సెంటర్ల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. టోనర్ అంటే కలర్ లేజర్ ప్రింటర్‌లో వేసే రంగు పొడి. తప్పు ఎక్కడుందో చూడకుండానే వేలకు వేలు పోస్తున్నారు. చూస్తే బాధేస్తుంది.

ఒక స్టీలు స్కేలు, పోగులు రాలని పొడి గుడ్డ, మందపాటి నల్ల గుడ్డ, అప్పుడే విప్పిన రీములోంచి 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) కాగితాలు చాలు. 70 జీఎస్‌ఎం మీద టెస్ట్ చేయొద్దు. ముసురు రోజుల్లో విప్పి పెట్టిన కాగితం చెమ్మ పీల్చుకుని రంగు అతుకులు అతుకులుగా పడుతుంది. కాబట్టి మొదట కాగితం మార్చండి. అక్షరాల అంచున రంగు నీడ కనిపిస్తే ప్రింటర్ మెనూలో కాలిబ్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా సర్దడం) నడపండి. రుద్దితే రంగు ఊడొస్తుంటే, వేసింది మందపు కాగితమైతే సెట్టింగ్‌లో కూడా మందపు కాగితమనే పెట్టండి. అయినా ఊడితే ఫ్యూజర్ (టోనర్‌ను వేడితో కాగితానికి అంటించే భాగం) చూపించాలి.

తర్వాత ప్రింటర్ మెనూలోంచే ప్రింట్ క్వాలిటీ పేజీ తీయండి. వర్డ్‌లో చేసుకున్న రంగు పేజీ వద్దు, అందులో రంగులు కలిసిపోతాయి. మచ్చ ఒక్క రంగులోనే ఉంటే ఆ రంగు డ్రమ్మో (బొమ్మ ఏర్పడి టోనర్ అంటుకునే రోలర్) టోనరో చూడాలి. అన్ని రంగుల్లో కనిపిస్తే బెల్టు (రంగులన్నిటినీ కాగితం మీదికి చేర్చే పట్టీ), ఫ్యూజర్ల వైపు చూడాలి.

అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఒకే మచ్చ పేజీలో మళ్లీ మళ్లీ పడుతుంటే, కాగితం బయటికొచ్చే దిశలో మచ్చకూ మచ్చకూ మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలవండి. ఒక్కసారి కొలిచి వదిలేయకుండా మూడు నాలుగు మచ్చల మధ్య కొలిచి సరిచూసుకోండి. ఏదో ఒక రోలర్ ఒక్క చుట్టు తిరిగే దూరమే అది. దాన్ని 3.14తో భాగిస్తే ఆ రోలర్ వ్యాసం వస్తుంది. 94 వస్తే వ్యాసం దాదాపు 30 మిల్లీమీటర్లు, 75 వస్తే 24. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఏ దూరం ఏ రోలర్‌దో పట్టిక ఉంటుంది. ఒక కార్ట్రిడ్జ్ తీసి ఇంకోటి పెట్టి చూసే పద్ధతి కంటే ఇది నూరు పాళ్లు మేలు. డబ్బు ఖర్చు లేదు, ఊహ లేదు.

లెక్క డ్రమ్మును చూపిస్తే ప్రింటర్ ఆపి అరగంట ఆగండి, ఫ్యూజర్ కాలుతుంటుంది. డ్రమ్ము మెరిసే భాగాన్ని వేలితో ముట్టొద్దు, వేలి జిడ్డే కొత్త మచ్చవుతుంది. స్పిరిట్‌తో తుడవొద్దు. ఎండ, ఎక్కువ వెలుతురు అసలు తగలనివ్వొద్దు. మొన్న ఎండాకాలం ఒక షాపాయన గీత బాగా కనపడుతుందని డ్రమ్మును బయటికి తెచ్చి ఎండలో తిప్పి తిప్పి చూశాడు. ఆ తర్వాత ప్రతి పేజీలో అడ్డంగా పట్టీలే. తీసిన మరుక్షణం నల్ల గుడ్డ కప్పండి, నీడపట్టున రెండు మూడు నిమిషాల్లో చూసి తిరిగి పెట్టేయండి. గీరుకుపోయి ఉంటే తుడిస్తే పోదు, మార్చాల్సిందే.

నిలువుగా తెల్ల గీత ఒక్క రంగులోనే వస్తే ఆ రంగు లేజర్ అద్దం మీద దుమ్ము ఉండొచ్చు. పొడి గుడ్డతో ఒకే వైపు తుడవండి. బ్లోయర్ పెట్టి ఊదొద్దు, ఒలికిన టోనరంతా లేచి అద్దాల మీదే కూర్చుంటుంది. చేతికి టోనర్ అంటితే చల్లటి నీళ్లతోనే కడగండి. వేడి నీళ్లు పోస్తే మెత్తబడి అంటుకుంటుంది.