సర్వీస్ రన్‌లోనే ఉందంటుంది, ఆపితే ఆగదు: రన్‌ఇట్‌లో ఎక్కడ వెతకాలి

వాయిడ్ లినక్స్ (లినక్స్‌లో ఒక రకం) వాడేవాళ్లకు రన్‌ఇట్ తెలిసే ఉంటుంది. డేనియల్ బెర్న్‌స్టీన్ రాసిన డీమన్‌టూల్స్ బాటలోనే వచ్చిన చిన్న సూపర్‌విజన్ టూల్ ఇది, అంటే వెనకాల నడిచే ప్రోగ్రామ్‌లను (సర్వీసులను) లేపి, పడిపోతే మళ్లీ లేపేది. ఒక్కో సర్వీసుకు ఒక్కో ఫోల్డర్, అందులో రన్ అనే స్క్రిప్ట్. ఆ ఫోల్డర్‌కి సర్వీస్ డైరెక్టరీలో లింక్ పెడితే, రన్‌ఎస్‌వీడిర్ అనే ప్రోగ్రామ్ ఆ డైరెక్టరీని 5 సెకన్లకోసారి చూస్తూ ఉంటుంది కాబట్టి, కొత్తది కనబడగానే దానికి రన్‌ఎస్‌వీ అనే ఇంకో ప్రోగ్రామ్‌ను కాపలా పెడుతుంది. ఆ కాపలాదారుకి తను స్వయంగా పుట్టించిన ప్రాసెస్ ఒక్కటే తెలుసు, దాని పిల్లల సంగతి తెలియదు. కింద చెప్పే గొడవల్లో పెద్దవి రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

లింక్ పెట్టాను, ఎస్‌వీ కమాండ్‌తో స్టేటస్ అడిగితే సూపర్‌వైజ్ ఓకే ఫైల్ లేదంటోంది

ఆ ఫైల్ రన్‌ఎస్‌వీ కాపలా మొదలుపెట్టాకే వస్తుంది, కాబట్టి ముందు 5 సెకన్లు ఆగి మళ్లీ అడగండి. అప్పటికీ అదే మాట అంటే లింక్ తప్పు చోటికి పోతోందన్నమాట. ఫోల్డర్ పూర్తి పాత్ ఇచ్చి లింక్ మళ్లీ పెట్టండి. పేరు చుక్కతో మొదలైతే రన్‌ఎస్‌వీడిర్ దాన్ని పట్టించుకోదు. పర్మిషన్ లేదని వస్తే మాత్రం సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) మర్చిపోయారంతే.

స్టేటస్‌లో 0 సెకన్లు, 1 సెకను, మళ్లీ 0 సెకన్లు

మూడు నాలుగు సార్లు వరసగా స్టేటస్ అడిగి పీఐడీ (ప్రాసెస్ నంబర్) చూడండి. ప్రతిసారీ నంబర్ మారుతుంటే సర్వీస్ లేచి పడిపోతోంది, రన్‌ఎస్‌వీ సెకను ఆగి మళ్లీ లేపుతోంది. లాగ్ ఏమీ పెట్టుకోకపోతే పీఎస్‌లో (నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే కమాండ్) రన్‌ఎస్‌వీడిర్ లైన్ వెతకండి. దాని చివర చుక్కల వరస ఉంటుంది, ఎర్రర్లు ఆ చుక్కల స్థానంలోకి వచ్చి చేరతాయి. ఇది తెలియక చాలామంది గంటలు పోగొట్టుకుంటారు.

అక్కడ యాక్సెస్ లేదని కనిపిస్తే రన్ ఫైల్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వండి. ఫైల్ కళ్లముందే ఉన్నా లేదంటోందంటే ఏ షెల్‌తో (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) నడపాలో చెప్పే మొదటి లైన్ చూడండి, విండోస్‌లో ఎడిట్ చేసిన ఫైల్ అయితే లైన్ చివర కనబడని క్యారేజ్ రిటర్న్ ఉంటుంది, సిస్టమ్ దాన్ని కూడా షెల్ పేరులో భాగం అనుకుంటుంది. అది తీసేస్తే సరిపోతుంది.

పోర్ట్ (ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌లో వినే నంబర్) ఇప్పటికే వాడకంలో ఉందని వస్తే కథ వేరు, నన్ను ఒక రాత్రంతా కూర్చోబెట్టింది ఇదే. సైట్ చక్కగా తెరుచుకుంటోంది, స్టేటస్‌లో మాత్రం మాటిమాటికీ కొత్త పీఐడీ, డౌన్ అని ఆపినా సైట్ ఆగట్లేదు. జరిగిందేమిటంటే ఆ సైట్ వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్ తన అలవాటు ప్రకారం తన కాపీని బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపి అసలు ప్రాసెస్‌ను ముగించేసింది. రన్‌ఎస్‌వీ అది చచ్చిపోయిందనుకుని ఇంకోటి లేపింది, రెండోదానికి పోర్ట్ దొరకలేదు. ఇలాంటప్పుడు ముందు సర్వీసును డౌన్ చేయండి, తర్వాత బయట తిరుగుతున్న పాత ప్రాసెస్‌ను చేత్తో కిల్ చేయండి, అప్పుడు రన్ ఫైల్‌లో ప్రోగ్రామ్‌ను ఫోర్‌గ్రౌండ్‌లో ఉండమని చెప్పండి. ఎన్‌జింక్స్‌కి డీమన్ ఆఫ్, ఎస్‌ఎస్‌హెచ్‌డీకి పెద్ద డీ ఆప్షన్, రెడిస్‌కి డీమనైజ్ నో. ఈ వరస తప్పితే, అంటే పాతదాన్ని కిల్ చేయకుండా ఫైల్ మాత్రమే మారిస్తే, అదే పోర్ట్ ఎర్రర్ మళ్లీ వచ్చి మీరు చేసిన సరైన మార్పునే అనుమానిస్తారు.

డౌన్ అని చూపిస్తోంది, ప్రోగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉంది

రన్ ఫైల్ తెరిచి చివరి లైన్ చూడండి. ప్రోగ్రామ్ పేరు ముందు ఎగ్జెక్ లేకపోతే రన్‌ఎస్‌వీ కాపలా కాస్తున్నది షెల్‌ని, మీ ప్రోగ్రామ్‌ని కాదు. ఆపమన్నప్పుడు టర్మ్ (ఇక ముగించు అనే) సిగ్నల్ షెల్‌కి పోతుంది, షెల్ చస్తుంది, ప్రోగ్రామ్ అనాథలా మిగిలిపోతుంది. ఎగ్జెక్ పెడితే షెల్ స్థానంలోకి ప్రోగ్రామే వస్తుంది, పీఐడీ మారదు. చివర అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి కూడా కాపీ చేసే టీ కమాండ్‌కి పైప్ చేసినా ఇదే చిక్కు వస్తుంది కాబట్టి లాగ్ కోసం పైప్‌లు పెట్టకండి.

లాగ్ ఖాళీగా ఉంది

ఎర్రర్ అవుట్‌పుట్‌ను మామూలు అవుట్‌పుట్‌లో కలిపే లైన్ రన్ ఫైల్ మొదట్లో ఉందా చూడండి. రన్‌ఇట్ లాగ్ ప్రోగ్రామ్ ఎస్‌వీలాగ్‌డీ రాసే ఫోల్డర్ ముందే ఉండాలి, ఆ యూజర్‌కి రాసే హక్కు ఉండాలి. సర్వీస్ నడుస్తుండగా లాగ్ ఫోల్డర్ కొత్తగా చేర్చినా రన్‌ఎస్‌వీ దాన్ని గమనించదు. ఎస్‌వీ ఎగ్జిట్ ఇస్తే రన్‌ఎస్‌వీ పోయి మళ్లీ వస్తుంది, అప్పుడు చూస్తుంది.

ఇంకో విషయం, ఎస్‌వీలాగ్‌డీకి చిన్న టీ ఆప్షన్ రెండుసార్లు ఇచ్చి టైమ్ వేయించుకుంటే అది యూటీసీ, మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక. మన రాత్రి 2 గంటలకు ఆగిన సర్వీస్ కోసం లాగ్‌లో ముందు రోజు 20:30 దగ్గర చూడాలి. మన టైమ్ అనుకుని వెతికితే ఏమీ దొరకదు, టెన్షన్ తప్ప.

చేత్తో నడిపితే నడుస్తుంది, సర్వీసుగా నడవదు

మీ లాగిన్‌లో ఉన్న పాత్ (ప్రోగ్రామ్‌లను వెతికే చోట్లు), హోమ్ (మీ సొంత ఫోల్డర్) వేరియబుల్స్ సర్వీసుకు ఉండవు. రన్‌ఇట్‌తో వచ్చే సీహెచ్‌పీఎస్‌టీ టూల్‌తో యూజర్ మార్చినా హోమ్ మారదు, దాన్ని విడిగా ఇవ్వాలి. ప్రోగ్రామ్‌కి పూర్తి పాత్ ఇచ్చి, పని చేయాల్సిన ఫోల్డర్‌లోకి రన్ ఫైల్‌లోనే సీడీ చేయండి.

రీబూట్ తర్వాత ఆపింది మళ్లీ లేచింది, లేదా డేటాబేస్ కంటే ముందే లేచి ఎర్రర్లు

డౌన్ అనేది ఆ బూట్ వరకే. మొత్తానికి ఆపాలంటే లింక్ తీసేయండి, లింక్ ఉండాలి గానీ తనంతట లేవకూడదంటే సర్వీస్ ఫోల్డర్‌లో డౌన్ అనే ఖాళీ ఫైల్ పెట్టండి. ఏది ముందు ఏది వెనక అన్న వరస రన్‌ఇట్ చూడదు. మీ యాప్ రన్ ఫైల్ మొదట్లోనే డేటాబేస్ సర్వీసును ఎస్‌వీ చెక్‌తో అడిగి, లేదంటే 1 కోడ్‌తో బయటికి వచ్చేయండి. సెకను తర్వాత రన్‌ఎస్‌వీ మళ్లీ ప్రయత్నిస్తుంది, డేటాబేస్ లేచేదాకా అలా అడుగుతూనే ఉంటుంది.