‘ఆపర్చునిస్టికల్లీ’ ఎదురైతే
గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే మన గుంటూరు పిల్లలు ఇంగ్లిష్ పేపర్లో ‘ఆపర్చునిస్టికల్లీ’ కనిపిస్తే చాలు, ‘అవకాశవాదంతో’ అని రాసేస్తారు. సగం చోట్ల వాక్యం చెడిపోతుంది.

ముందు ‘అదను చూసి’ అని పెట్టి చదవండి. మిర్చి యార్డులో రేటు పడిన రోజు సరుకు కొన్న వ్యాపారికి అది చక్కగా అతుకుతుంది, అందులో తప్పేమీ లేదు. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఒంట్లో పెరిగే ఫంగస్‌కీ అంతే. తర్వాత, ఆ పని చేసినవాళ్లు తమ మాటనో, నమ్ముకున్నవాళ్లనో వదిలేశారా చూడండి. వదిలేస్తేనే ‘అవకాశవాదంతో’.

రాజకీయ వార్తల హెడ్డింగుల్లో మాత్రం ఇది పనిచేయదు. కింద రెండు పేరాలు చదివితే గానీ ఏ అర్థమో తేలదు.