నెల్లూరు మిషనరీ తిరుగు ఓడ ప్రయాణం: తేదీలు సరిచూసుకోవడం ఎలా

సంఘ చరిత్ర రాసేవారు ముందు సంవత్సరం చూడండి. సూయజ్ కాలువ 1869 నవంబరులో తెరిచారు. అంతకుముందు తెరచాప ఓడ ఆఫ్రికా కొన చుట్టి రావాల్సిందే. నెల్లూరులో పనిచేసి అమెరికా వెళ్లిన బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే, తోటి మిషనరీలు జూవెట్ దంపతులతో కలిసి 1848 అక్టోబరులో అక్కడి బోస్టన్‌లో తిరుగు ప్రయాణానికి బయల్దేరి, 1849 ఏప్రిల్‌లో నెల్లూరు చేరారు.

ఓడ ఎక్కిన తేదీ, మద్రాసులో దిగిన తేదీ, నెల్లూరు చేరిన తేదీ విడివిడిగా రాసుకోండి. ఈ మూడూ కలిసిపోయే తప్పులే ఎక్కువ. మద్రాసు నుంచి మిగతా దారిని రైల్లో చూపించకండి. దక్షిణాదిన తొలి రైలు నడిచిందే 1856లో.

‘ఓడ రేవులో ఆగింది’ అనీ రాయొద్దు. అప్పటికి మద్రాసులో కట్టిన హార్బరు లేదు. ఓడ దూరంగా లంగరు వేసేది. జనం, పెట్టెలు మసూలా పడవల్లో అలలు దాటేవి. ఈ పడవలకు మేకులకు బదులు కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టేవారు. అందుకే అల కొట్టినా పడవ వంగేది, విరిగేది కాదు.